చప్పుడుకు ముందు

భిలాయి రైల్ మిల్లులో ఎర్రగా కాలిన పట్టా చల్లారుతున్నప్పుడు తిన్నగా ఉండదు. తలభాగంలో ఉక్కు మందం, పాదం పలచన. రెండూ ఒకే వేగంతో వేడి వదలవు కాబట్టి పట్టా ఒక పక్కకు వంపు తిరుగుతుంది. దాన్ని వరసగా అమర్చిన రోలర్ల మధ్యకు పంపి, పైనుంచీ కిందనుంచీ నొక్కి, తిన్నగా చేసి బయటికి తీస్తారు. ఈ పని చేస్తూ, చూస్తూ తరాలు గడిపిన ఊరు ఇది. అందుకే ఎవరైనా "మీ వెన్నుపూస పక్కకు జరిగింది, నొక్కి మళ్లీ చోటులో పెడితే నొప్పి పోతుంది" అంటే ఇక్కడివాళ్లకు ఆ మాట సబబుగానే తోస్తుంది. వంగినదాన్ని నొక్కితే తిన్నగా అవుతుందని కళ్లారా చూసినవాళ్లు కదా.

కానీ వెన్నెముక రైలుపట్టా కాదు. చేత్తో వెన్ను నొక్కి నొప్పికి చికిత్స చేసే కైరోప్రాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాల్లో సగం ఈ తేడాలోనే ఉన్నాయి.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఉక్కు కర్మాగారం భిలాయిది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రాయ్‌పూర్ బండెక్కి వచ్చిన తెలుగువాళ్లు సెక్టార్లలో, ఖుర్సీపార్‌లో కాపురాలు పెట్టారు. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది, ఆంధ్ర సాహిత్య సమితి ఉంది. ఆ తరంవాళ్లు చేసిన పనులు చాలామటుకు నడుము మీద పడే పనులే. ఓవర్‌హెడ్ క్రేన్ ఆపరేటర్ షిఫ్టంతా క్యాబిన్‌లో కూర్చుని మెడ వంచి కాళ్ల కిందికి చూస్తూ ఉండాలి. ఫర్నేసు లోపల ఇటుక పేర్చేవాళ్లు వంగిన నడుము ఎత్తరు. దల్లీ రాజహరా గనుల్లో డంపర్ నడిపేవాళ్లకు సీటు నుంచి వచ్చే కుదుపు రోజంతా వెన్నులోకే పోతుంది. రెండు పూటలా నేల మీద కూర్చుని, బకెట్లు మోసి, బట్టలు పిండిన ఆడవాళ్ల నడుముల లెక్క ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

ఇది ఒక్క ఊరి గోడు కాదు. 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో ఉన్నారని అంతర్జాతీయ లెక్క. మనిషిని పనికి దూరం చేసే కారణాల్లో దీనిదే మొదటి స్థానం.

నొప్పి ఉన్నచోట చేతి వైద్యం చేసేవాళ్లూ ఎప్పుడూ ఉన్నారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తొక్కించుకుంటే నడుము పట్టు వదులుతుందని మన ఊళ్లలో నమ్మకం. అలాంటి పిల్లవాణ్ణి పిలిచి బోర్లా పడుకుని తొక్కించుకున్న తాతలు ఎంతోమంది. చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు ఎముకలు విరిగినవాళ్లు ఈనాటికీ వెళ్తూనే ఉన్నారు. మంగలి షాపులో క్షవరం అయ్యాక తల మర్దనా చేసి, గడ్డం పట్టుకుని మెడ అటోసారి ఇటోసారి తిప్పడం ఉత్తరాదిన మరీ మామూలు. ఇది మన ఒక్కరి సంగతీ కాదు. రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందటి గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరుమీద ఉన్న గ్రంథాల్లో కూడా రోగిని బల్లమీద లాగి కట్టి, గూని ఉన్నచోట పాదంతో నొక్కే పద్ధతి రాసి ఉంది. నొప్పి ఉన్నచోట గట్టిగా నొక్కితే హాయిగా ఉంటుందన్నది మనిషికి అనుభవంలో ఉన్న నిజం. చిక్కంతా ఆ హాయికి మనం చెప్పుకునే కారణంలో ఉంది.

కైరోప్రాక్టిక్ పుట్టింది అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ పట్నంలో. డానియెల్ డేవిడ్ పామర్ అనే ఆయన అయస్కాంతాలతో వైద్యం చేసేవాడు. ఆయన గది ఉన్న భవనంలోనే హార్వే లిల్లార్డ్ అనే నల్లజాతి మనిషి ఊడ్చి తుడిచే పని చేసేవాడు. ఎన్నో ఏళ్లుగా చెవుడు. 1895 సెప్టెంబరు 18న లిల్లార్డ్ వెన్నుమీద ఎత్తుగా ఉన్న ఒక పూసను పామర్ నొక్కాడని, వినికిడి తిరిగి వచ్చిందని కథ. వినికిడి నాడి లోపలి చెవి నుంచి నేరుగా మెదడు కాండానికి వెళ్తుంది. వీపు వైపు రానే రాదు. అయినా పామర్ ఆ ఒక్క సంఘటన మీద పెద్ద సిద్ధాంతం కట్టాడు. నూటికి 95 జబ్బులకు కారణం చోటు తప్పిన వెన్నుపూసలేనన్నాడు. చోటు తప్పడాన్ని 'సబ్‌లక్సేషన్' అన్నాడు. 1897లో బడి పెట్టాడు. 1906లో లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు జైలుకూ వెళ్లాడు.

ఆ సిద్ధాంతం నిలవలేదు. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను చట్టప్రకారం నమోదు చేసే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో, సబ్‌లక్సేషన్ జబ్బులకు కారణమనడానికి వైద్య పరిశోధనల ఆధారం లేదని, అది చారిత్రకంగా వచ్చిన ఒక భావన మాత్రమేనని ప్రకటించింది. తమ వృత్తి మూలసూత్రాన్ని తామే పక్కన పెట్టడానికి నిజాయితీ కావాలి, ఆ కౌన్సిల్‌ను మెచ్చుకోవాలి. అయినా పాత మాట ఇంకా క్లినిక్కుల్లో వినిపిస్తూనే ఉంది. మీరు మొదటిసారి వెళ్లినప్పుడు "పూస జరిగింది" అని వింటే, నూట ముప్పై ఏళ్ల కిందటి డావెన్‌పోర్ట్ మాట వింటున్నట్టే లెక్క.

నిజానికి వెన్నులో కదిలే పూసలు 24, వాటి మధ్య, అడుగున త్రికాస్థి మీద కలిపి 23 డిస్కులు. ఒక్కొక్క పూసనూ వెనకనుంచి చిన్న కీళ్లు, ముందూ వెనకా పొడుగాటి బంధనాలు, చుట్టూ పొరలుపొరలుగా కండరాలు పట్టి ఉంచుతాయి. నిద్రలో పక్కకు తిరిగితేనో, బిందె ఎత్తితేనో పూస ఊడి పక్కకు పోయే అమరిక కాదది. నిజంగా ఒక పూస ముందుకు జారిన స్థితి ఉంది. దాన్ని స్పాండిలోలిస్థెసిస్ అంటారు. దాన్ని ఎక్స్‌రేలో చూడవచ్చు, చేతితో నొక్కితే మాత్రం వెనక్కి రాదు. ఉక్కు ఒకసారి తిన్నగా అయితే అలాగే ఉంటుంది. వెన్ను బతికున్న అవయవం. దాని బిగువును గంట గంటకూ నరాలే నిర్ణయిస్తాయి. కైరోప్రాక్టర్ చేయి నరాలకు పంపే సంకేతాన్ని కాసేపు మారుస్తుంది, కండరం బిగువు కొంత సడలుతుంది, నొప్పి కబురు కొంత తగ్గుతుంది. దొరికే ఉపశమనానికి ఇప్పుడున్న వివరణల్లో బలమైనది ఇదే.

మరి ఆ 'టక్' మనే చప్పుడు? ఫోన్‌లో వచ్చే వీడియోలన్నీ దాని మీదే నడుస్తున్నాయి. మైకు పెట్టి మరీ వినిపిస్తున్నారు. అది ఎముక ఎముకను రాసుకున్న చప్పుడు కాదు, పూస చోటులో పడిన చప్పుడూ కాదు. దిష్టి తీస్తూ అమ్మమ్మ కణతలకు ఆనించి విరిచే మెటికల చప్పుడూ ఇదే. కీలు లోపల జిగటగా ఒక ద్రవం ఉంటుంది, అందులో వాయువులు కరిగి ఉంటాయి. కీలును ఒక్కసారిగా లాగితే లోపలి ఒత్తిడి పడిపోయి బుడగలాంటి వాయువు ఖాళీ ఏర్పడుతుంది. 1971లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ పరిశోధకులు ఆ బుడగ పగిలినప్పుడు చప్పుడు వస్తుందన్నారు. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో గ్రెగ్ కాచుక్ బృందం వేలిని ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి లాగుతూ సినిమా తీసినట్టు చిత్రీకరించి, ఖాళీ ఏర్పడే క్షణంలోనే చప్పుడు వస్తోందని చూపింది. ఏ క్షణంలో అన్న వాదన ఇంకా తెగలేదు గానీ, కారణం కీలుద్రవంలోని వాయువే అన్నదాంట్లో పేచీ లేదు. ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్లీ పలకదు, దాదాపు 20 నిమిషాలు పడుతుంది. వాయువు తిరిగి కరగాలి కదా. డొనాల్డ్ అంగర్ అనే అమెరికన్ డాక్టరు యాభై ఏళ్లపాటు ఎడమచేతి మెటికలే విరిచి, కుడిచేతివి వదిలేసి, రెండు చేతుల్లోనూ కీళ్లవాతం రాలేదని రాశాడు.

చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందన్నది ఇంకా ఆసక్తికరం. 2004లో కెనడా పరిశోధకులు వీపుకు సెన్సర్లు అంటించి కొలిచారు. నడుములో ఫలానా కీలు మీద పనిచేస్తున్నామని కైరోప్రాక్టర్లు అనుకున్నప్పుడు, చప్పుడు ఆ కీలునుంచే వచ్చింది దాదాపు సగంసార్లే. మిగతావి పక్క పూసలవి. చప్పుడు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ నొప్పి తగ్గడంలో తేడా లేదని మరికొన్ని అధ్యయనాలు చూపాయి. కాబట్టి టక్ మనలేదని మీరు దిగులు పడనక్కర్లేదు, నాలుగు టక్కులు వచ్చాయని సంబరపడనూ అక్కర్లేదు.

ఇక మొదటి రోజు సంగతికి వద్దాం.

బయల్దేరేముందు పాత కాగితాలన్నీ తీసుకోండి: సెక్టార్ 9 ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రే, ఎంఆర్ఐ ఫిల్ములు, రోజూ వేసుకునే మందుల స్ట్రిప్పులు. "ఏవో బీపీ మాత్రలు" అని చెబితే చాలదు. ఆడవాళ్లు చీర కంటే వదులైన పంజాబీ డ్రెస్సు వేసుకుంటే వంగడం, కాలెత్తడం తేలిక. తోడు ఒకరిని తీసుకెళ్లండి, గదిలో ఆ మనిషిని ఉండనివ్వమని అడగండి. కాదనేవాళ్ల దగ్గర పడుకోవద్దు.

మంచి కైరోప్రాక్టర్ మొదటి రోజు చేతులకంటే చెవులకు ఎక్కువ పని చెబుతారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తుంటే మొదలైంది, ఏ పని చేస్తే పెరుగుతుంది, కాలిలోకి దిగుతోందా, మోకాలి కిందికి పోతోందా అని అడుగుతారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు మరీ ముఖ్యం. రాత్రి పడుకున్నా నొప్పి తగ్గడం లేదా? సాయంత్రం జ్వరం వస్తోందా? బరువు తగ్గారా? ఇంతకుముందు క్యాన్సర్ వచ్చిందా? ఈమధ్య పడ్డారా? ఆస్తమాకో, కీళ్లవాతానికో ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడారా? గుండెకు స్టెంట్ వేశారా, రక్తం పలచబడే మందు వాడుతున్నారా? మూత్రం వస్తున్నట్టు తెలుస్తోందా? ఇవి అడగకుండా "బల్లమీద పడుకోండి" అన్నవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయడమే మంచిది. ఈ మాట నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఈ ప్రశ్నల్లో మన దేశంలో అన్నిటికంటే బరువైనది జ్వరం ప్రశ్న. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మనవాళ్లే. క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసలకూ వస్తుంది. 1779లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ దీన్ని వర్ణించాడు కాబట్టి ఇప్పటికీ పాట్స్ వ్యాధి అంటారు. పూస లోలోపల తినేసి డొల్లవుతుంది. పైకి కనిపించేది తగ్గని నడుము నొప్పి, అలసట, సాయంత్రం వేళ కొద్దిగా ఒళ్లు వెచ్చబడటం. అలాంటి పూసను గట్టిగా నొక్కితే అది కూలి వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోవచ్చు. అదే జబ్బును ముందుగా గుర్తిస్తే మందులతో నయమవుతుంది, ఆ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఒక ప్రశ్న అడగడానికీ అడగకపోవడానికీ మధ్య ఇంత దూరం ఉంది.

మరో ప్రశ్న తెలుగువాళ్లకు ప్రత్యేకం. "మీది ఏ ఊరు, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు?" 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ రోగులను పరిశీలించి రాసిన వ్యాసం ఈ జబ్బు చరిత్రలో తొలి వర్ణనల్లో ఒకటి. తర్వాత నల్లగొండ గోడు అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్ను బంధనాలు ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది. ఆ మనిషి "మెడ తిరగడం లేదు, విరిచి వదులు చేయండి" అని వస్తాడు. అక్కడ విరవడం ప్రమాదం. ఫ్లోరైడ్ ఊళ్లలో పుట్టి భిలాయిలో స్థిరపడినవాళ్లు ఈ సంగతి అడగకపోయినా చెప్పండి.

ప్రశ్నలయ్యాక పరీక్ష. ముందుకూ వెనక్కూ పక్కలకూ వంగమంటారు. మడమల మీద నడవమంటారు, మునివేళ్ల మీద నడవమంటారు. మడమల మీద నిలవలేకపోతే నడుము నాడుల్లో చివరిదైన ఐదోదాని మీద, మునివేళ్ల మీద లేవలేకపోతే దాని కిందిదాని మీద అనుమానం. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు ఎత్తుతారు. 30, 70 డిగ్రీల మధ్య ఎక్కడో కాలి వెంట కిందికి షాక్ కొట్టినట్టు నొప్పి దిగితే నాడి నొక్కుకుంటోందని అర్థం. రబ్బరు సుత్తితో మోకాలి కింద, మడమ వెనక తడతారు. దూదితో రెండు కాళ్లూ తాకి ఒకేలా తెలుస్తోందా అని అడుగుతారు. బీపీ చూస్తారు. ఈ పరీక్షలన్నిటికీ పావుగంట నుంచి అరగంట పడుతుంది, పెద్ద యంత్రమేదీ అక్కర్లేదు.

ఎంఆర్ఐ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఆ రిపోర్టును జాతకంలా చదువుతారు. "ఎల్4 ఎల్5 మధ్య డిస్క్ బయటికి వచ్చింది, గ్యాప్ వచ్చింది" అని పదేళ్లు చెప్పుకుంటారు. 2015లో బ్రిన్జిక్జి అనే పరిశోధకుడి బృందం, నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కాన్‌ల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. ఇరవై ఏళ్లవాళ్లలో నూటికి 37 మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్లవాళ్లలో 96 మందికి. డిస్క్ ఉబ్బు యాభై ఏళ్లవాళ్లలో నూటికి 60 మందికి ఉంది. వాళ్లలో ఎవరికీ నొప్పి లేదు. నెరిసిన వెంట్రుకను జబ్బనం కదా. ప్రమాద సూచనలేవీ లేకపోతే నొప్పి మొదలైన ఆరు వారాల లోపు స్కాన్ అక్కర్లేదని చాలా వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటి రోజే మొత్తం వెన్నుకు ఎక్స్‌రే తీయించి, గీతలు గీసి, "చూడండి ఎంత వంకరో" అని భయపెట్టడం శాస్త్రం కాదు.

అన్నీ సవ్యంగా ఉంటేనే చేయి వేయడం. నడుముకైతే మామూలుగా పక్కకు తిప్పి పడుకోబెడతారు. పై మోకాలు వంచి, భుజాన్ని వెనక్కి, తుంటిని ముందుకు తిప్పి, కదలిక ఆగే చోటుదాకా నెమ్మదిగా తెచ్చి, ఒక్క పోటు ఇస్తారు. అది సెకనులో అయిదో వంతు కంటే తక్కువ సమయంలో అయిపోతుంది. వేగం ఎక్కువ, కదిలే దూరం తక్కువ. కొందరు స్ప్రింగు ఉన్న చిన్న పరికరంతో తడతారు, కొందరు ఒక భాగం కిందికి దిగే బల్ల వాడతారు. ఎముకలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు పోటు లేకుండా నెమ్మదిగా ఊపడం, సాగదీయడం మాత్రమే చేయాలి. ఏం చేయబోతున్నారో, ఎందుకో, చేయకపోతే ఏమవుతుందో ముందే చెప్పించుకోండి. "వద్దు" అనే హక్కు ఆఖరి క్షణం దాకా మీదే.

ఇంటికొచ్చాక ఆ చోట నొప్పిగా, బడలికగా ఉంటే కంగారు పడొద్దు. నార్వేలో కొత్తగా వచ్చిన వెయ్యికి పైగా రోగులను గమనిస్తే సగానికి పైగా మందికి ఇలాంటి చిన్న ఇబ్బంది వచ్చింది, ఎక్కువమందికి ఒక రోజులో పోయింది. కాలిలో కొత్తగా తిమ్మిరి, బలహీనత వస్తే మాత్రం అది చిన్న ఇబ్బంది కాదు.

మెడ విషయం వేరు. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల పక్కన ఉన్న రంధ్రాల గుండా పైకి పోయి, మొదటి పూస దగ్గర వంపు తిరిగి తలలోకి వెళ్తాయి. మెడను ఒక్కసారిగా తిప్పితే ధమని లోపలి పొర చిరగవచ్చు. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం. బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి కడిగించుకున్నాక ఇలా జరిగిన కేసుల్ని 1993లోనే మైకేల్ వైన్‌ట్రాబ్ అనే న్యూరాలజిస్టు ప్రచురించాడు. ఇది అరుదు. పైగా ధమని అప్పటికే చిరిగి ఉండి, ఆ నొప్పికే కొందరు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తారు కాబట్టి తప్పు ఎవరిదో తేల్చడం కష్టమని 2008 నాటి కెనడా అధ్యయనం చెప్పింది. అది న్యాయమైన మాటే. అయినా నా తీర్పు మారదు. మెడ నొప్పికి వ్యాయామం, నెమ్మదైన సాగదీత ఉండగా, అరుదైనా ప్రాణాంతకమైన ప్రమాదాన్ని ఒక చప్పుడు కోసం కొనితెచ్చుకోకూడదు. మొదటి రోజు మెడ విరవనివ్వకండి. సెలూన్‌లో అసలే వద్దు. ఇంతకుముందెన్నడూ లేని తీవ్రమైన మెడనొప్పి, తలనొప్పి హఠాత్తుగా వచ్చి, దానితో కళ్లు తిరగడం, మాట తడబడటం ఉంటే వెళ్లాల్సింది ఆసుపత్రి అత్యవసర విభాగానికి.

అలాగే మూత్రం ఆగిపోవడం, తెలియకుండా కారిపోవడం, కూర్చునే భాగంలో స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం. వెన్ను చివర ఉన్న నాడుల గుత్తి మొత్తం నలుగుతోందని దానికి అర్థం. గంటల్లో ఆపరేషన్ గురించి నిర్ణయించాల్సిన స్థితి అది. తెల్లారేదాకా ఆగకుండా సెక్టార్ 9 క్యాజువాల్టీకో, రాయ్‌పూర్ ఎయిమ్స్‌కో పరుగెత్తాలి.

ఇంతకీ కైరోప్రాక్టిక్ పనిచేస్తుందా? నడుము నొప్పికి కొంత పనిచేస్తుంది. 2017లో అమెరికా వైద్య సంఘ పత్రికలో వచ్చిన సమీక్ష కొత్త నడుము నొప్పికి ఓ మాదిరి ఉపశమనం ఉందని తేల్చింది. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 47 పరీక్షలను కలిపి చూసి, దీర్ఘకాలపు నొప్పికి ఇది వ్యాయామం లాంటి సిఫార్సు చేసిన ఇతర చికిత్సలతో సమానమని చెప్పింది. వాటికంటే మెరుగని కాదు, సమానమని. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్ల దీర్ఘకాలపు నడుము నొప్పికి వాడదగిన పద్ధతుల్లో దీన్ని షరతులతో చేర్చింది. ఆస్తమాకు, బీపీకి, చెవుడుకు, పసిపిల్లల ఏడుపుకు మాత్రం ఆధారం లేదు. పసిపిల్లల కడుపు నొప్పికి, ఆస్తమాకు కైరోప్రాక్టిక్ పనిచేస్తుందన్న ప్రచారాన్ని తప్పుపట్టినందుకు, పంజాబీ మూలాలున్న బ్రిటిష్ రచయిత సైమన్ సింగ్ మీద 2008లో అక్కడి కైరోప్రాక్టర్ల సంఘం పరువునష్టం దావా వేసింది. 2010 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుంది. ఆ గొడవ బ్రిటన్ పరువునష్టం చట్టం మారడానికి దారితీసిన కారణాల్లో ఒకటైంది.

మన దగ్గర ఇబ్బంది ఇంకోటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాల ప్రకారం కైరోప్రాక్టర్‌కు కనీసం 4,200 గంటల చదువు, అందులో వెయ్యి గంటలు పర్యవేక్షణలో రోగులను చూసిన అనుభవం ఉండాలి. మన దేశంలో కైరోప్రాక్టర్ల కోసం ప్రత్యేకంగా చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. ఫిజియోథెరపీకి 2021లో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల చట్టంలో స్థానముంది. వారాంతపు శిక్షణ తీసుకున్నవాళ్లూ, ఏళ్ల తరబడి చదివినవాళ్లూ ఒకే పేరుతో బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి అడగడం మీ వంతు: "మీ చదువు ఏమిటి, ఎక్కడ, ఎన్నేళ్లు?" గట్టి చదువున్నవాళ్లు ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకోరు. ఫిజియోథెరపీ డిగ్రీ ఉండి, చేతి పద్ధతులు నేర్చిన మనిషి మన ఊళ్లో దొరికితే నేను ముందు వాళ్ల పేరే చెబుతాను.

డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. "ఇరవై సిట్టింగులు పడతాయి, ముందే కడితే తగ్గింపు" అంటే ఒప్పుకోవద్దు. కొత్త నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. నాలుగైదుసార్లు వెళ్లినా తేడా లేకపోతే ఆ దారి మీది కాదు. "నెలనెలా సర్దించుకుంటూ ఉండాలి, లేకపోతే పూస మళ్లీ జరుగుతుంది" అన్న మాటకు ఆధారం లేదు.

నొప్పి తగ్గాక తిరిగి రాకుండా ఉండాలంటే ఏం చేయాలన్నదానికి ఆస్ట్రేలియా నుంచి మంచి జవాబు వచ్చింది. నడుము నొప్పి తగ్గిన 701 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా పెంచుకుంటూ పోయే నడక నేర్పారు, రెండో జట్టుకు ఏమీ చెప్పలేదు. 2024లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం నడవనివాళ్లకు నొప్పి తిరిగి రావడానికి మధ్యస్థంగా 112 రోజులు పట్టింది, నడిచినవాళ్లకు 208 రోజులు. సెక్టార్లలో చెట్ల నీడన వెడల్పాటి రోడ్లున్న ఊరు మనది. ఈ మందుకు దుకాణం అక్కర్లేదు. మొదటి రోజు మీ చేతికి సిట్టింగుల ప్యాకేజీ కాకుండా నడక, వ్యాయామం రాసిన కాగితం ఇచ్చినవాళ్ల దగ్గరికే రెండోసారి వెళ్లండి.